బలి ఎవరిది, వరం ఎవరికి: జానపద మాంగాలో కోరికలు, అంతస్తులు

(దాసరి సుబ్రహ్మణ్యం స్మృతికి సమర్పిస్తూ మురుగమల్లలో చదవడానికి రాసిన ఉపన్యాస పాఠం)



దాసరి సుబ్రహ్మణ్యం 1932లో గుంటూరు జిల్లాలో పుట్టారు. 1952లో మద్రాసు వెళ్లి ‘చందమామ’లో చేరి, అర్ధశతాబ్దం దాటి అక్కడే పనిచేశారు. 1954లో వచ్చిన ‘తోకచుక్క’ మొదలుకొని ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ దాకా ఆయన రాసిన సీరియళ్ల కోసం పిల్లలు నెలనెలా పోస్టుమేన్ దారి కాశారు. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేసేవారు కాదు. కథ ‘చందమామ’ది, బొమ్మలు ‘చిత్ర’వి, అంతవరకే పాఠకుడికి తెలుసు. రాసింది ఎవరో తెలిసేసరికి చాలామంది పాఠకులకు తలలు నెరిశాయి. 2010 జనవరిలో ఆయన కన్నుమూశారు.

ఆయన్ను మురుగమల్లలో తలుచుకోవడం అన్ని విధాలా తగిన పని. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం ప్రాంతంలో ఇంటి మాట తెలుగు, బడి చదువు కన్నడం. ‘చందమామ’ 1947 జులైలో తెలుగులో మొదలైంది. 1949లో కన్నడంలోనూ వచ్చింది. బడిలో నేర్చిన అక్షరాలతో కథ చదివి, ఇంట్లో అవ్వకు తెలుగులో చెప్పగల పిల్లలున్న సీమ ఇది. అమ్మాజాన్, బావాజాన్ దర్గాకూ ముక్తీశ్వరస్వామి గుడికీ ఒకే ప్రయాణంలో వచ్చిపోయే జనానికి, ఒక కథ రెండు భాషల్లో బతకడం వింతేమీ కాదు.

ఇప్పటి పిల్లల చేతుల్లో ‘చందమామ’ లేదు. ఫోన్లలో జపాన్ బొమ్మల కథలున్నాయి. అచ్చులో వస్తే మాంగా, తెరమీద కదిలితే అనిమే. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగుతో థియేటర్లకు వచ్చింది. రాక్షసులు, మంత్రాలు, కోటలు, కత్తులు అందులోనూ ఉన్నాయి. సరుకు పాతదే. ఆ సరుకుతో జపాన్ రచయితలు అడుగుతున్న ప్రశ్నలు మాత్రం తెలుగు కథకులు చెవిపెట్టి వినాల్సినవి.

ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఒక్కటే. మంత్రాలూ రాక్షసులూ ఉన్న కథలో పాత్ర కోరిక గాలిలోంచి ఊడిపడదు. ఆ పాత్ర నిలబడ్డ మెట్టు మీంచి పుడుతుంది. మహిమకు వెల ఎవరు చెల్లిస్తున్నారో చూస్తే ఆ లోకంలోని అంతస్తులన్నీ బయటపడతాయి. కింది మెట్టు మీదున్న మనిషికి తనదంటూ ఒక కోరిక ఉందా, లేక పైవాడి కోసం చావడమే అతని కథా? కథకుణ్ణి తూచడానికి ఇంతకు మించిన తూనిక లేదు.

బేతాళుడు అడిగింది

పాత్ర ఎందుకు అలా చేసింది అని అడగడం తెలుగు పాఠకుడికి కొత్త కాదు. ‘చందమామ’లో శంకర్ వేసిన బొమ్మలో భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి చూస్తూ పెరిగిన వాళ్లందరికీ ఆ చదువు అబ్బింది. బేతాళుడి కథ ముగిసేది ఏం జరిగిందో చెప్పడంతో కాదు, ఎవరి మనసు గొప్పదో తేల్చమనడంతో. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది.

పాత బేతాళ కథల్లో వీరవరుడి కథ ఒకటి. శూద్రకుడనే రాజు దగ్గర కొలువులో చేరతాడు. రాజుకు చావు దగ్గరపడిందనీ, వీరవరుడి కొడుకును దేవికి బలిస్తే రాజు బతుకుతాడనీ తెలుస్తుంది. కొడుకు ఒప్పుకుంటాడు. తండ్రే బలిస్తాడు. చెల్లెలు గుండె పగిలి పోతుంది, తల్లి ప్రాణం తీసుకుంటుంది, చివరికి వీరవరుడు తన తల నరుక్కుంటాడు. చాటుగా చూస్తున్న రాజు తానూ కత్తి ఎత్తుతాడు. దేవి ప్రత్యక్షమై అందర్నీ బతికిస్తుంది. వీళ్లలో ఎవరు గొప్ప అన్నది బేతాళుడి ప్రశ్న. రాజు గొప్ప అని విక్రమార్కుడి జవాబు. యజమాని కోసం చావడం సేవకుడి ధర్మం, భర్త వెంట పోవడం భార్య ధర్మం, తండ్రి మాట వినడం కొడుకు ధర్మం. సేవకుడి కోసం చావబోయిన రాజు మాత్రం ధర్మానికి మించి చేశాడు.

ఆ జవాబులో ఒక సమాజం మొత్తం ఉంది. నాలుగు ప్రాణాలు పోయినా లెక్కలోకి రాలేదు, ఎందుకంటే అవి ముందే బాకీ పడ్డ ప్రాణాలు. పోని ఒక్క ప్రాణానికి మాత్రం కీర్తి దక్కింది. చచ్చిపోతున్నప్పుడు ఆ పిల్లవాడికి ఏమనిపించిందో కథ అడగదు.

ఆ కథ పాతబడిపోలేదు. 2015 జులైలో ‘బాహుబలి’ విడుదలైనప్పటి నుంచి 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా దేశం మొత్తం ఒకటే ప్రశ్న వేసుకుంది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? వచ్చిన జవాబు, అతను సింహాసనానికి కట్టుబడ్డ బానిస, రాజమాత ఆజ్ఞ ఇచ్చింది అని. కన్నబిడ్డలా చూసుకున్నవాణ్ణి వెన్నులో పొడవడానికి కట్టప్పకు సొంత కారణం లేదు. ఉండే వీలు కూడా లేదు. కత్తి అతనిది, కోరిక పైవాళ్లది. అంత పెద్ద ప్రశ్నకు ప్రేక్షకులు ఆ జవాబు ఒప్పుకున్నారంటే, వీరవరుడి ధర్మం జనం మనసులో ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది.

జపాన్ ఎక్కడ మొదలుపెట్టింది

జపాన్‌కూ తన మెట్లున్నాయి. ఎదో కాలంలో పైన సమురాయ్‌లు, తర్వాత రైతులు, చేతిపనివాళ్లు, వర్తకులు. ఈ వరుసలో చోటే లేకుండా తోలుపని, చచ్చిన పశువుల పని చేసేవాళ్లు ఊరి బయట. 1871లో ప్రభుత్వం ఆ వెలి పేర్లను రద్దుచేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పేర్లు పోయినా చూపు అంత తొందరగా పోలేదు. ఈ సంగతి తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మాంగా ఈ గాయాన్ని దాచలేదు. 1964లో ‘గారో’ అనే పత్రిక పెట్టిందే సాన్పేయి షిరాతో రాసిన ‘కముయి దెన్’ కోసం. కథానాయకుడు కముయి వెలివాడలో పుట్టి, అక్కణ్ణించి బయటపడడానికి నింజా అవుతాడు. అతను నింజా ఎందుకయ్యాడో తెలియాలంటే ఎక్కడ పుట్టాడో తెలిస్తే చాలు. 1967లో ఒసాము తెజుకా ‘దొరోరో’ మొదలుపెట్టారు. అందులో రాజ్యం కోరిన ఒక సమురాయ్ 48 మంది రాక్షసులతో ఒప్పందం చేసుకుంటాడు. వెల, పుట్టబోయే తన బిడ్డ శరీరంలో 48 భాగాలు. కళ్లు, చెవులు, కాళ్లు, చేతులు లేని పసిగుడ్డును ఏట్లో వదిలేస్తారు. ఆ బిడ్డ పెరిగి, ఒక్కో రాక్షసుణ్ణి చంపుతూ ఒక్కో అవయవం తిరిగి తెచ్చుకుంటాడు.

వీరవరుడి కొడుకును ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడా తండ్రి బిడ్డను ఇచ్చాడు, ఇక్కడా ఇచ్చాడు. తెజుకా తండ్రి పక్కన నిలబడలేదు. ఇచ్చేసిన బిడ్డ పక్కన నిలబడి, నీది నువ్వు తిరిగి తెచ్చుకో అన్నారు. తర్వాతి జపాన్ జానపద మాంగాలో మేలైనదంతా ఈ దారినే నడిచింది.

రాక్షసులకూ కొలువుంది

తెలుగు ప్రేక్షకులు ఇటీవలే చూసిన కథతో మొదలుపెడితే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కొయోహారు గొతోగే 2016 నుంచి 2020 దాకా రాసి, బొమ్మలు వేసిన ‘డీమన్ స్లేయర్’లో కథానాయకుడు తంజిరో బొగ్గులమ్మే ఇంటి పిల్లవాడు. ఇంటిల్లిపాదినీ రాక్షసుడు చంపగా, బతికిన చెల్లెలు నెజుకో రాక్షసి అయిపోతుంది. ఆమెను తిరిగి మనిషిని చేయడం అతని కోరిక. ఎంత చిన్న కోరికో చూడండి. రాజ్యం కాదు, కీర్తి కాదు.

అతని ఎదుట నిలిచింది మాత్రం పెద్ద కొలువు. రాక్షసరాజు ముజాన్ కింద పన్నెండు మంది, పైవరుసలో ఆరుగురు, కిందివరుసలో ఆరుగురు. ఎవరి అంకె వాళ్ల కంటిలోనే చెక్కి ఉంటుంది. పైవాణ్ణి ఓడిస్తే అతని అంకె దక్కుతుంది. కిందివరుస వాళ్లు పనికిరారని తోచినప్పుడు ముజాన్ ఒక్కణ్ణి మిగిల్చి తక్కినవాళ్లను అక్కడికక్కడే చంపేస్తాడు. భయం, పదోన్నతి, అవమానం, అన్నీ ఉన్న పక్కా ఉద్యోగ వ్యవస్థ అది.

పైవరుసలో మూడో అంకె అకాజాది. బలం తప్ప మరొకటి ఎరగనివాడు, బలహీనులంటే అసహ్యపడేవాడు. చచ్చేముందు అతని పూర్వకథ బయటపడుతుంది. అతను హకుజి అనే పేదపిల్లవాడు. జబ్బుపడ్డ తండ్రికి మందు కొనడానికి జేబులు కొట్టేవాడు. పట్టుబడ్డ ప్రతిసారీ చేతిమీద నేరగాడి గుర్తుగా పచ్చబొట్టు గీతలు పడేవి. కొడుకు తనకోసం దొంగ అయ్యాడని తండ్రి ఉరి వేసుకుంటాడు. ఆదరించిన గురువునూ, పెళ్లాడబోయిన పిల్లనూ పక్క కత్తిసాము శాల వాళ్లు విషం పెట్టి చంపుతారు. ఆ తర్వాతే అతను రాక్షసుడయ్యాడు. రాక్షసుడయ్యాక జ్ఞాపకాలన్నీ పోయి, ఎందుకు కావాలో తెలియని బలం మాత్రం మిగిలింది.

దుష్టపాత్రకు జాలికథ అతికించడం ఎవరైనా చేస్తారు. గొతోగే చేసిన పని వేరు. పేదవాడి దొంగతనం మీద పడ్డ ముద్ర రాక్షసుడి ఒంటిమీద గీతలై ఎలా మిగిలిందో బొమ్మలో చూపించారు. కారణం మరిచిపోయిన కోరికే రాక్షసత్వం అని ఆ కథ చెబుతుంది. రాక్షసులను పుట్టించే కార్ఖానా మనుషుల ఊళ్లోనే ఉందని కూడా చెబుతుంది.

తోటరాముడు, గ్రిఫిత్

తెలుగులో కింది మెట్టు నుంచి పైకి చూసిన కథానాయకుల్లో తోటరాముడికి సాటి లేరు. 1951 మార్చిలో వచ్చిన ‘పాతాళభైరవి’, ‘చందమామ’ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి తీసిన సినిమా. కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. తోటమాలి కొడుకు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు ప్రేమను కాదనడు. తనతో సమానమైన ఐశ్వర్యం తెచ్చి చూపమంటాడు. అక్కడే నేపాళ మాంత్రికుడు దొరుకుతాడు. మాంత్రికుడికి కావలసింది సాహసవంతుడైన యువకుడి తల. దాన్ని దేవికి బలిస్తే కోరినవన్నీ ఇచ్చే ప్రతిమ దక్కుతుంది. రాముడు సంగతి తెలుసుకొని మాంత్రికుణ్ణే బలిచ్చి ప్రతిమ తెచ్చుకుంటాడు.

దాసరి ‘ముగ్గురు మాంత్రికులు’లోనూ ఇదే అమరిక. పింగళుడు చేపలు పట్టి బతికే పేదవాడు. పద్మపాదుడు మంత్రవిద్య తెలిసినవాడు. మహామాయుడి సమాధిలో ఉన్నవి కావలసింది మాంత్రికుడికి, అందులోకి దిగాల్సింది జాలరి. విద్య పైవాడిది, ఒళ్లు కిందివాడిది. చిన్నపిల్లలు చదివే సీరియల్లో ఈ పని విభజనను దాసరి ఇంత స్పష్టంగా పెట్టారు. పింగళుణ్ణి మూర్ఖుడిగానూ చేయలేదు, పద్మపాదుణ్ణి దుర్మార్గుడిగానూ చేయలేదు. ఒకరి అవసరం ఒకరికి ఉంది, ఇద్దరికీ భయాలున్నాయి.

తోటరాముడికి జపాన్‌లో నీడలాంటి వాడు ఒకడున్నాడు. కెంతారో మియురా 1989లో మొదలుపెట్టి 2021 మేలో చనిపోయేదాకా గీసిన ‘బెర్సెర్క్’లోని గ్రిఫిత్. అతనూ సామాన్యుడే. సొంత రాజ్యం కావాలన్నది అతని కల. కిరాయి దళాన్ని కూర్చుకొని యుద్ధాలు గెలిచి, ప్రభువుల సరసన నిలిచి, రాకుమారి షార్లెట్ మనసు గెలుస్తాడు. రాజుకు తెలిసిన రోజున చెరసాల, చిత్రహింస. ఒళ్లంతా ఛిద్రమైనవాడికి ఒక వరం ఎదురవుతుంది: నీకు అందరికంటే దగ్గరివాళ్లను బలిస్తే రాజ్యం నీది. తనను నమ్మి వచ్చిన దళం మొత్తాన్ని అతను ఇచ్చేస్తాడు.

ఇద్దరూ కింది మెట్టు వాళ్లే, ఇద్దరికీ రాకుమారి కావాలి, ఇద్దరి ముందూ బలిపీఠం ఉంది. రాముడు తనను బలివ్వబోయినవాణ్ణి ఇచ్చాడు. గ్రిఫిత్ తనకోసం ప్రాణమిచ్చేవాళ్లను ఇచ్చాడు. రాముడి కథ పెళ్లితో ముగుస్తుంది. ఉజ్జయినిలో తోటమాలి తోటమాలే, రాజు రాజే. మియురా కథలో ఒక్కడు పైకెక్కడానికి ఎన్ని శవాలు మెట్లయ్యాయో పాఠకుడు కళ్లారా చూస్తాడు.

ఆ దళంలో గట్స్ అనేవాడున్నాడు. ఒక రాత్రి గ్రిఫిత్ రాకుమారితో అంటున్న మాట చాటుగా అతని చెవిన పడుతుంది. తన కల వెంట నడిచేవాళ్లు తనకు స్నేహితులు కారనీ, సొంత కల ఉన్న సమానుడే స్నేహితుడనీ దాని సారాంశం. గట్స్ దళం వదిలి వెళ్లిపోతాడు, స్నేహితుడు కావడానికి. గ్రిఫిత్ పతనం ఆ వెళ్లిపోవడంతోనే మొదలవుతుంది. సేవకుడికి సొంత కోరిక పుట్టిన క్షణం అది. వీరవరుడికి, కట్టప్పకు ఆ క్షణం రాలేదు.

ఏకచక్రపురంలో వంతు

ఇదే చింతామణి తాలూకాలోని కైవారాన్ని ఇక్కడివాళ్లు ఏకచక్రపురం అంటారు. భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడేనని నమ్మిక. భీమలింగేశ్వరుడి గుడి ఉంది. బకవధ అందరికీ తెలిసిన కథే, తినే తిండి వల్ల పిల్లలకు మరీ ఇష్టమైన కథ. దాన్ని తిండి పక్కనపెట్టి చదివితే అంతస్తుల కథ కనబడుతుంది.

రాక్షసుడు రోజూ ఊరిమీద పడడం లేదు. ఏర్పాటు ఉంది. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకెళ్లిన మనిషి. ఇంటికొక వంతు, ఏళ్లు గడిచాక తిరిగి వస్తుంది. తప్పించుకోజూస్తే ఇంటిల్లిపాదికీ చావు. కాపాడాల్సిన రాజు వేత్రకీయగృహంలో ఉన్నాడు, చేతకానివాడు. అంటే రాజు, రాక్షసుడు, ప్రజలు, ముగ్గురికీ ఈ పద్ధతి అలవాటైపోయింది.

వంతు వచ్చిన బ్రాహ్మణుడి ఇంట్లో అందరూ నేను పోతానంటే నేను పోతానంటారు. భర్త, భార్య, కూతురు ఎవరి వాదన వాళ్లు వినిపిస్తారు. ముద్దుమాటల పసివాడు గడ్డిపుడక పట్టుకొని రాక్షసుణ్ణి చంపుతానంటాడు. ఇంతమంది మనసుల్ని విడివిడిగా తూచిన ఘట్టం ప్రపంచ సాహిత్యంలోనే అరుదు. కుంతి తన కొడుకును పంపుతానంటుంది. ఆశ్రయమిచ్చిన ఇంటికి మేలు చేయడం ఆమె కారణం. ధర్మరాజు అభ్యంతరపడతాడు, రాజ్యం తిరిగి రావడానికి భీముడే ఆధారం అన్నది అతని భయం. భీముడికి కడుపునిండా అన్నం, చేతినిండా పోరు. ముగ్గురివీ మూడు కోరికలు, మూడూ వాళ్ల వాళ్ల స్థానం నుంచి పుట్టినవే.

సంస్కృత మూలంలో ఆ బ్రాహ్మణుడు ఏడుస్తూ మరో మాట కూడా అంటాడు. తన బదులు పంపడానికి ఒక మనిషిని కొనేంత డబ్బు తనకు లేదని. అంత డబ్బున్న ఇళ్ల సంగతి ఏమిటి? ఏకచక్రపురంలో కొందరి వంతు డబ్బుతో తీరి ఉండాలి. ఎవరినో కొని బండెక్కించి ఉండాలి. వాళ్లకు మహాభారతంలో పేరు లేదు, మాట లేదు.

హజిమే ఇసాయామా 2009 నుంచి 2021 దాకా గీసిన ‘అటాక్ ఆన్ టైటన్’ ఆ అమ్ముడుపోయిన వాళ్ల నగరం కథలా ఉంటుంది. మనుషుల్ని తినే టైటన్ల నుంచి కాపాడుకోడానికి మూడు వలయాల ఎత్తైన గోడలు కట్టుకున్నారు: బయటిది మరియా, నడిమిది రోజ్, లోపలిది సీనా. లోపలికి పోయేకొద్దీ డబ్బూ అధికారమూ పెరుగుతాయి. రాజధాని అడుగున ఎండ సోకని మురికివాడ ఉంది. మహాయోధుడు లీవై పెరిగింది అక్కడే. బయటి గోడ కూలినప్పుడు కాందిశీకులు లోపలికి తోసుకొస్తారు. అందరికీ చాలినంత తిండి లేదు. ప్రభుత్వం రెండున్నర లక్షల మందిని, జనాభాలో అయిదోవంతు, పోగొట్టుకున్న భూమి తిరిగి గెలవాలంటూ టైటన్ల మీదికి పంపుతుంది. తిరిగొచ్చింది వంద చిల్లర మంది. మిగిలినవాళ్లకు తిండి సరిపోయింది.

అర్మిన్ అనే పిల్లవాడి తాత ఆ గుంపులో పోతాడు. మనవడికి మిగిలింది తాత టోపీ. అర్మిన్ సైన్యంలో ఎందుకు చేరాడో ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేదు. బకాసురుడి బండికీ ఆ సైన్యానికీ తేడా లేదు. ప్రమాదం రాక్షసుడి నుంచే వచ్చినా, ఎవరి వంతో నిర్ణయించింది మనుషులే.

ఇసాయామా పైమెట్టు వాళ్లనూ అంతే నిజాయితీగా చూశారు. సేనాని ఎర్విన్ మానవజాతి కోసం పోరాడుతున్నట్టు అందరూ అనుకుంటారు. లోపల అతనిది చిన్ననాటి తపన. బడిపంతులైన తండ్రి రాజ్యం దాచిన చరిత్ర గురించి అనుమానం చెబితే, తెలియక బయట వాగి, ఆ తండ్రి చావుకు కారణమయ్యాడు. తండ్రి అన్నది నిజమని తేల్చడమే అతని అసలు కోరిక. ఆ రహస్యం గుమ్మం దాకా వచ్చి, దాన్ని వదులుకొని, కొత్త సైనికుల ముందు నడిచి చావుకు ఎదురెళతాడు. ధర్మమని చెప్పి ఆ కోరికను చెరిపేయలేదు రచయిత. వదులుకోవడం ఎంత కష్టమో చూపించాకే వదిలించారు.

వెల, పగ, విద్య

హిరోము అరకావా ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ (2001 నుంచి 2010) ఈ వెల లెక్కనే కథకు మూలసూత్రం చేసింది. రసవిద్యలో ఏది పొందాలన్నా సమానమైనది ఇవ్వాలి. చనిపోయిన తల్లిని బతికించబోయి ఎడ్వర్డ్ కాలూ చెయ్యీ పోగొట్టుకుంటాడు, తమ్ముడు అల్ఫాన్స్ శరీరం మొత్తం పోగొట్టుకుంటాడు. వెల లేకుండా కోరింది ఇచ్చే రసమణి ఒకటుందని వెతికితే, అది బతికున్న మనుషుల ప్రాణాలతో తయారైందని తేలుతుంది. ఇష్వాల్ అనే జాతిని ప్రభుత్వ రసవాదులే తుడిచిపెట్టి ఉంటారు. అరకావా హొక్కైదోలో పాడిరైతుల ఇంట పుట్టారు. ఆ నేల ఐను జాతి నుంచి లాక్కున్నది. ఇష్వాల్ ఘట్టాల కోసం యుద్ధం చేసినవాళ్లను కలిసి విన్నారు. అందుకే ఆ హంతకుల్లో ఒకడైన రాయ్ మస్టాంగ్ దేశాధినేత కావాలనుకోవడం పదవీకాంక్షగా మిగలదు. తన కిందివాళ్లను తాను కాపాడతాడు, వాళ్లు తమ కిందివాళ్లను కాపాడాలి. మెట్లను కూల్చలేనివాడు వాటి మీదుగా బాధ్యతను కిందికి దింపాలనుకున్నాడు.

ఎయిచిరో ఓదా 1997 నుంచి గీస్తున్న ‘వన్ పీస్’లో ప్రపంచ కులీనులు తాము దేవతల సంతతి అనుకుంటారు, బానిసల్ని అంగట్లో కొంటారు. చేపమనుషుల జాతికి చెందిన ఫిషర్ టైగర్ ఆ కులీనులుండే కొండ ఎక్కి బానిసలను విడిపిస్తాడు. అదే జాతిలో తర్వాతి తరం వాడు హోడీ జోన్స్ మనుషుల మీద పగతో సొంత రాజ్యాన్నే నాశనం చేయబోతాడు. మనుషులు నీకేం చేశారని అడిగితే, ఏమీ చేయలేదంటాడు. పెద్దల నోటి నుంచి విన్న ద్వేషం తప్ప అతని కడుపులో ఏమీ లేదు. అణగారినవాళ్ల పగ కూడా ఒక మెట్టు మీంచి పుట్టి, గాయం మానినా వారసత్వంగా నడుస్తుందని చెప్పడానికి ధైర్యం కావాలి. ఓదా ఆ జాతి మీద ప్రేమతోనే చెప్పారు.

కమోమే షిరాహామా 2016లో మొదలుపెట్టిన ‘విచ్ హ్యాట్ అటెలియర్’ విద్య గురించి. బట్టలు కుట్టే ఇంటి పిల్ల కోకోకు మంత్రగత్తె కావాలని ఆశ. మంత్రశక్తి పుట్టుకతో రావాలని ఊరంతా అంటుంది. ఒకరోజు చాటుగా చూస్తే, మంత్రం అంటే ప్రత్యేకమైన సిరాతో గీసే బొమ్మ. ఎవరైనా గీయవచ్చు. పుట్టుక అన్నది, రహస్యం కాపాడుకోడానికి చెప్పిన మాట. కైవారం తాతయ్యగా జనం కొలిచే యోగి నారేయణ గాజులమ్ముకుంటూ బతికినవాడు, తెలుగులో, కన్నడంలో తత్వాలు చెప్పినవాడు. విద్యకు పుట్టుక అడ్డు కాదని ఆయన బతుకే చెబుతుంది కాబట్టి, ఆ తత్వాలు పాడుకునే ఊళ్లకు కోకో కథ ఇట్టే అర్థమవుతుంది.

మాంగాకూ ఒక బలహీనత

జపాన్‌ను ఆకాశానికెత్తి తెలుగును తక్కువ చేయడం ఈ ఉపన్యాసం ఉద్దేశం కాదు. ‘నరుటో’లో ఊరంతా వెలివేసిన అనాథ, పట్టుదలతో పైకొచ్చినవాడు అని పిల్లలు గుండెలకు హత్తుకున్నాక, అతను ఆ ఊరి నాలుగో అధినేత (హొకాగే) కొడుకని తేలుతుంది. ‘వన్ పీస్’ కథానాయకుడు లూఫీ తాత నౌకాదళ వీరుడు, తండ్రి విప్లవ నాయకుడు. ‘బాహుబలి’లో కొండజాతి పెంచిన శివుడు మాహిష్మతి వారసుడైనట్టే. సామాన్యుణ్ణి గెలిపించాలంటే చివర్లో రక్తం చూపించాలన్న బెంగ రెండు దేశాల కథకులకూ ఉంది. ఆ చోటికి వచ్చేసరికి ముందు వందల పుటల్లో చెప్పిన కష్టం విలువ తగ్గిపోతుంది.

తెలుగు కథకూ సొంత బలం ఉంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ చాపకూడు పంక్తిలో కూర్చోబెట్టాడు, మాలవాడైన కన్నమదాసుకు సేనాపతి స్థానం ఇచ్చాడు. దాసరి ‘శిథిలాలయం’లో శబర యువకుడు శిఖిముఖి, క్షత్రియ యువకుడు విక్రమకేసరి పక్కపక్కనే నడుస్తారు. శబరుడు క్షత్రియుడి సేవకుడు కాడు, దారి చూపే అడవి మనిషి మాత్రమే కాడు. కథ అతనిది కూడా. నెలకొకసారి కొన్ని పుటల్లో పిల్లల కోసం రాస్తూ, ఉపన్యాసం దంచకుండా దాసరి ఆ సమానత్వాన్ని సాధించారు. అది గొప్ప రచయిత చేయగల పని. ఆ దారిలో నడిచినవాళ్లు తర్వాత చాలినంతమంది లేకపోయారు.

లేకపోవడానికి కారణం ప్రతిభ కొరత కాదు. జపాన్‌లో మాంగాకు వారపత్రికలున్నాయి, నెలపత్రికలున్నాయి, ఒకే కథను పదేళ్లు చదివే పెద్దవాళ్లున్నారు. తెలుగులో బొమ్మల కథ అంటే చిన్నపిల్లలదని పక్కనపెట్టారు, ఆ పిల్లల పత్రికలనూ మూతపడనిచ్చారు. ఫోన్లో జపాన్ కథ చూస్తున్న పిల్లవాణ్ణి తిట్టేముందు, వాడికి తన ఊరి కథ ఎవరు ఇచ్చారో పెద్దలు చెప్పాలి.

చింతామణిలోనో బాగేపల్లిలోనో నోటుబుక్కు వెనక పుటల్లో టైటన్ల బొమ్మలు గీస్తున్న పిల్లలారా, ఈ ఉపన్యాసంలో ఆఖరి మాట మీకు. ఏకచక్రపురం మీ తాలూకాలోనే ఉంది. భీముడు రావడానికి ముందు రోజుల్లో, మరొకరి వంతుకు బదులుగా అమ్ముడుపోయి ఆ అన్నం బండి తోలుకెళ్లిన మనిషి కథ ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అతన్ని ఎవరు అమ్మారు, ఎంతకు అమ్మారు, ఆ డబ్బు ఎవరింటికి చేరింది, దారిలో అతను ఏమి కోరుకున్నాడు? ఇవన్నీ మీరే ఆలోచించండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాటలు రాయండి, మీ కొండలనే బొమ్మల్లో పెట్టండి. గీయడం మొదలుపెట్టే ముందు ఆ మనిషికి ఒక పేరు పెట్టండి.